అవి మీ కోసం రావడం లేదమ్మా

ప్రశ్న: ఊరికి దూరంగా, గుట్ట కింద మా పొలంలోనే ఇల్లు కట్టుకుని వచ్చాం. మా వారు ఉద్యోగరీత్యా వారంలో ఎక్కువ రోజులు బయటే ఉంటారు. ఇంట్లో నేను, మా అత్తగారు, ఆరేళ్ల బాబు ఉంటాం. వానలు మొదలైనప్పటి నుంచి ఒకదాని వెనక ఒకటి. కట్టెల దగ్గర పాము కనిపిస్తే పక్క పొలం వాళ్లు వచ్చి కొట్టి చంపారు. అది జెర్రిపోతని తర్వాత తెలిసింది. కోతులు వంటింట్లోకి వస్తున్నాయి. బాబు రాయి విసిరితే ఒకటి పళ్లు చూపిస్తూ వాడి మీదికి వచ్చింది. వాకిట్లో కట్టేసిన మా కుక్క ఒక రాత్రి మాయమైంది. తడి మట్టిలో అడుగులు చూసి చిరుతపులి అన్నారు. అటక మీద రాత్రిళ్లు ఏదో నడుస్తోంది. అడవి పందులు కూడా తిరుగుతున్నాయి, కంచెకి కరెంటు పెట్టుకోండి, లేదంటే ఉచ్చులు వేయండి అని పక్కవాళ్లు అంటున్నారు. కనిపించిన ప్రతి పామునూ చంపించాలని అత్తగారి పట్టు. ఇల్లు అమ్మేసి వెళ్లిపోదామని మా వారు. నాకు ఈ చోటు ఇష్టం. కానీ బాబును చూస్తే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందుగా ఒక మాట. కంచెకి కరెంటు పెట్టకండి. ఉచ్చులు వేయనివ్వకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు. ఈ రెండూ మాత్రం ఇవాళే తేల్చేయాలి.

ఇంటి కరెంటు నేరుగా కలిపిన తీగకి పంది, మనిషి అన్న తేడా ఉండదు. పట్టుకున్న చెయ్యి కండరాలు బిగుసుకుపోయి మనిషి తీగను వదిలించుకోలేడు, కరెంటు మాత్రం ఆగకుండా పారుతూనే ఉంటుంది. వానాకాలం తడి నేల మీద ఇది మరింత ప్రమాదం. చీకటితో నీళ్లు కట్టడానికి వెళ్లిన రైతులు, పక్క చేలో తీగ ఉందని తెలియని కూలీలు ఇలాంటి కంచెలకే బలవుతున్నారు. చట్టం దీన్ని నేరంగానే చూస్తుంది. సోలార్ కంచె సంగతి వేరు. దానికి ఉండే యంత్రం సెకనుకు ఒకసారి చొప్పున, రెప్పపాటు కన్నా ఎంతో తక్కువ క్షణకాలం మాత్రమే షాక్ వదులుతుంది. వోల్టేజీ ఎక్కువే, కానీ అందులో ఉండే శక్తి తక్కువ. తాకిన జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, ప్రాణం పోదు. పందుల బాధ నిజంగా భరించలేనంతగా ఉంటే అలాంటి కంచెను తెలిసినవాళ్ల చేత బిగించుకుని, హెచ్చరిక బోర్డు పెట్టుకోండి. ఇంటి కరెంటుతో సొంతంగా చేసుకున్న ఏర్పాటు ఏదీ దానికి సాటి రాదు.

ఉచ్చుల విషయానికొస్తే, పంది కోసం కట్టిన తీగలో పంది ఒక్కటే పడదు. చిరుతలు పడతాయి, ఎలుగుబంట్లు పడతాయి. మామూలప్పుడు మనిషి అలికిడికే తప్పుకుని పోయే జంతువు, నడుముకి తీగ బిగుసుకుని ఎటూ పోలేని స్థితిలో ఉంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి. అది విడిపించుకున్న మరుక్షణం ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద పడుతుంది. మీ బాబు ఆడుకునే చోటుకి దగ్గర్లో అలాంటి పరిస్థితిని మనమే తెచ్చిపెట్టుకోవద్దు.

ఇక మీ అసలు బాధ. జంతువులన్నీ కూడబలుక్కుని మీ ఇంటి మీద పడ్డట్టు మీకు అనిపిస్తోంది. అర్థం చేసుకోగలను. కానీ మీరు రాసినవే మళ్లీ ఒకసారి వరుసగా చూడండి. కట్టెల సందుల్లో ఎలుకలు, ఎలుకల కోసం పాము. వంటింట్లో తిండి, దాని కోసం కోతులు. వాకిట్లో గొలుసుతో కట్టేసి ఉన్న కుక్క, దాని కోసం చిరుత. అటకలో వెచ్చగా, పొడిగా, చీకటిగా ఉన్న మూల, అందులో పిల్లలు పెట్టుకునే ఏదో ప్రాణి. ఇందులో మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది ఒక్కటీ లేదు. వచ్చినదాన్ని చంపినా, పట్టించి పంపేసినా, దాన్ని రప్పించింది అక్కడే ఉంటే ఆ చోటుకి ఇంకొకటి వస్తుంది. అందుకని ఏదైనా జంతువు కనిపించిన ప్రతిసారీ మీరు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న, ఇది ఇక్కడికి దేని కోసం వచ్చింది అని. దానికి జవాబు దొరికితే చేయాల్సిన పని కూడా తెలిసిపోతుంది.

పాముల గురించి ఎక్కువ చెప్తాను. ఎందుకంటే మీరు రాసినవాటిలో నిజంగా ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే, చిరుత కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మంది పల్లెల వాళ్లే. దాదాపు సగం మరణాలు వానాకాలంలోనే జరిగాయి. బొరియల్లోకి నీళ్లు చేరి ఎలుకలూ, పాములూ మెరక కోసం ఇళ్ల వైపు వచ్చే కాలం అది. కాబట్టి మీ భయం అర్థం లేనిది కాదు. దాన్ని సరైన చోటుకి మళ్లిద్దాం.

మీ దగ్గర చంపిన జెర్రిపోతుకి విషం లేదు. రెండు మీటర్లు దాటి పెరుగుతుంది, చూడగానే గుండె ఝల్లుమంటుంది, కానీ అది మీ ఎలుకల్ని తినే పాము. అది పోయింది, ఎలుకలు మిగిలాయి. ఆ ఎలుకల కోసం రేపు నాగుపాము రావచ్చు. ప్రతి పామునూ చంపించాలంటున్న మీ అత్తగారికి ఈ లెక్క నెమ్మదిగా చెప్పి చూడండి. ఇంకో సంగతి కూడా ఉంది. పామును చంపబోయి, పట్టబోయి కాటు తిన్నవాళ్లు చాలామంది ఉన్నారు. దూరంగా నిలబడినవాడిని పాము తరుముకుంటూ వచ్చి కరవదు. సాధారణంగా అది తన పొడవులో సగం దూరానికి మించి కాటు విసరలేదు. కర్ర పట్టుకుని దాని దగ్గరికి వెళ్లే మనిషే ఆ దూరంలోకి అడుగుపెడతాడు.

మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. వాటి పేర్లు తెలిసి ఉండటం మంచిదే. అయినా పాము ఏదో గుర్తుపట్టే పని మాత్రం మీ నెత్తిన వేసుకోవద్దు. కట్లపాములాగే ఒంటి మీద పట్టీలుండే విషం లేని పాములున్నాయి. చీకట్లో, కంగారులో అనుభవం ఉన్నవాళ్లే పొరపడతారు. తెలియని ప్రతి పామూ విషపుదే అనుకుని దూరం పాటిస్తే చాలు.

ఇప్పుడు ఇంటి పని. కట్టెలు గోడకి ఆనించి నేల మీద పేర్చి ఉంటే వాటిని ఇంటికి దూరంగా, నేల నుంచి జానెడు ఎత్తున ఏదైనా దిమ్మ మీదికి మార్చండి. మార్చేటప్పుడు చేతులు పెట్టి లాగకుండా ముందు పొడవాటి కర్రతో కదపండి. పనికిరాని పెంకులు, ఇటుకలు, పాత గోనెలు ఇంటి పక్కన పోగు పడకుండా చూసుకోండి. తలుపు కింద వేలు దూరేంత సందు ఉన్నా చిన్న పాము లోపలికి రాగలదు, కాబట్టి తలుపు అడుగున రబ్బరు పట్టీ కొట్టించండి. నీళ్లు బయటికి పోయే గొట్టాలకీ, తూములకీ సన్న ఇనుప జాలీ వేయించండి. గింజలు, దాణా మూత ఉన్న డబ్బాల్లో పెట్టండి. ఇంటి చుట్టూ నాలుగైదు అడుగుల మేర గడ్డి పెరగనివ్వకండి. అలా ఉంటే పాము దాటినా కంటికి కనిపిస్తుంది. గంధకం చల్లడం, ఫినాయిల్ పోయడం, వెల్లుల్లి రసం పిచికారీ చేయడం లాంటివి చాలామంది చెప్తారు. వాటిని నమ్ముకోవద్దు. అవి వేశాం కదా అన్న ధైర్యంతో టార్చి లేకుండా బయటికి వెళ్తారే, అసలు నష్టం అక్కడుంది.

చీకటి పడ్డాక గడప దాటితే కాలికి చెప్పులు, వీలైతే బూట్లు, చేతిలో టార్చి ఉండాలి. ఇది ఇంట్లో అందరికీ నియమం, పెద్దావిడకి కూడా. కాట్లలో ఎక్కువ భాగం కాళ్ల మీదే పడతాయి. రక్తపింజరి ఆకుల్లో కదలకుండా పడుకుని ఉంటుంది, తొక్కినప్పుడు కాటేస్తుంది. బయట విప్పిన బూట్లు తొడుక్కునే ముందు దులపండి.

కట్లపాము గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా ఇళ్లలో తెలియని సంగతి ఇది. అది రాత్రి తిరిగే పాము, ఇళ్లలోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలో కరుస్తుంది. కాటు నొప్పి చాలాసార్లు తెలియనే తెలియదు. గాటు కనిపించదు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, గొంతు పట్టేసినట్టు ఉండటం, కనురెప్పలు వాలిపోయి కళ్లు తెరవలేకపోవడం కనిపిస్తాయి. తిన్నది పడలేదేమో అనుకుని ఊరుకుంటే ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. అందుకని మీ ముగ్గురూ మంచాల మీదే పడుకోండి. దోమతెర కట్టి, దాని అంచులు పరుపు కిందికి మడవండి. మొత్తం ఈ ఉత్తరంలో ఒక్క సలహానే పాటిస్తానంటే దీన్నే ఎంచుకోమంటాను. దోమతెర ఖర్చు తక్కువ, కష్టం లేదు, దాని వల్ల పాముకాట్లు తగ్గుతాయని పరిశోధనల్లో కూడా తేలింది. నేల మీద పడుకున్న పిల్లవాడు పొద్దున్నే కళ్లు తెరవలేకపోతున్నాడంటే గాటు కోసం వెతుకుతూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

పాము ఇంట్లోకే వస్తే బాబునీ, అత్తగారినీ బయటికి పంపండి. ఆ గది నుంచి మిగతా గదులకి వెళ్లే తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కండి. బయటికి దారి ఉంటే అది తెరిచి ఉంచండి. మీరు దూరంగా నిలబడి దాని మీద చూపు ఉంచండి, ఎక్కడికి పోయిందో తెలియని పామే ఎక్కువ కష్టం. అటవీశాఖ వాళ్లకో, పాములు పట్టడంలో శిక్షణ ఉన్నవాళ్లకో ఫోన్ చేయండి. ఆ నంబర్లు ఇప్పుడే తెలుసుకుని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. అవసరం వచ్చిన రాత్రి వెతుక్కునే ఓపిక ఉండదు.

కాటు పడితే? పడిన మనిషిని కూర్చోబెట్టండి లేదా పడుకోబెట్టండి, నడవనివ్వకండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక అవి బిగుసుకుని రక్తప్రసారాన్ని ఆపేస్తాయి. కాలు విరిగినప్పుడు కట్టినట్టు బద్ద పెట్టి, వదులుగా కట్టి, కదలకుండా ఉంచండి. తాడుతో బిగించి కట్టొద్దు. బ్లేడుతో కోయొద్దు. నోటితో పీల్చొద్దు. పసరు, మంత్రం అంటూ ఒక్క నిమిషం కూడా పోగొట్టొద్దు. 108కి ఫోన్ చేయండి, అది ఆలస్యమయ్యేలా ఉంటే దొరికిన వాహనంలో బయల్దేరండి. పామును చంపి తీసుకెళ్లాల్సిన అవసరం లేదు. మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు ఇందాక చెప్పిన నాలుగు పాముల విషానికీ కలిపి తయారైనదే. ఆసుపత్రిలో కొంచెం రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కిందని అర్థం. కాటు లక్షణాలు ఏవీ లేకపోయినా 24 గంటలు అక్కడే ఉంచుకుని గమనించమని అడగండి. ఇంకొకటి, పిల్లలకి కూడా పెద్దవాళ్లకి ఇచ్చినంత మోతాదే ఇస్తారు. పాము ఎక్కించిన విషం మనిషి సైజుని బట్టి తగ్గదు కదా. డాక్టరు అంత మందు ఎక్కిస్తుంటే మీరు కంగారుపడకూడదని ముందే చెప్తున్నాను.

చిరుత సంగతి చూద్దాం. ఆ అడుగుల్లో గోళ్ల గుర్తులు లేకపోతే అది పిల్లి జాతిదే అయి ఉండే అవకాశం ఎక్కువ. కుక్క అడుగులో గోళ్లు పడతాయి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. కుక్క పోయినందుకు మీరు ఎంత బాధపడ్డారో మీ ఉత్తరంలో తెలుస్తోంది. గొలుసుకి కట్టేసిన కుక్కకి పారిపోయే దారి కూడా లేదు. మళ్లీ కుక్కని పెంచుకుంటే రాత్రిపూట ఇంట్లోనో, పైకప్పు కూడా ఉన్న గట్టి జాలీ గదిలోనో ఉంచండి. మేకలు, దూడలు ఉంటే వాటికీ అంతే, నాలుగు వైపులా మాత్రమే కంచె ఉంటే చిరుతకి అది అడ్డం కాదు.

ఊళ్ల దగ్గర తిరిగే చిరుతలకి కుక్కలు ఎంత ముఖ్యమైన తిండో మహారాష్ట్రలో విద్యా ఆత్రేయ, ఆమెతో పనిచేసిన శాస్త్రవేత్తలు చూపించారు. అకోలే ప్రాంతంలో అడవి లేని పంటచేల మధ్యే చిరుతలు బతుకుతున్నాయి. అవి తినేదాంట్లో బరువు లెక్కన దాదాపు 87 శాతం పెంపుడు జంతువులు, ఒక్క కుక్కలే 39 శాతం. అంటే వీధికుక్కలు ఎక్కువగా ఉన్నచోటికి చిరుత వస్తుంది. చెత్త, మాంసం వ్యర్థాలు ఎక్కడ పారేస్తే అక్కడికి కుక్కలు వస్తాయి. మీ ఇంటి వెనక అలాంటి కుప్ప ఉంటే ముందు దాన్ని గోతిలో పూడ్చండి.

బోను పెట్టించి పట్టించేయమని ఊళ్లో అంటారు. మహారాష్ట్రలోనే జున్నర్ దగ్గర జరిగింది వాళ్లకి చెప్పండి. అక్కడ చిరుతల్ని పెద్ద ఎత్తున పట్టి వేరే చోట్ల వదిలారు. అంతకుముందు ఏడాదికి సగటున 4 ఉన్న మనుషుల మీది దాడులు 2001 తర్వాత 17కి పెరిగాయి. ఉన్న చోటు తెలిసిన జంతువు మనిషిని తప్పుకుని ఎలా తిరగాలో నేర్చుకుని ఉంటుంది. తెలియని చోట దింపితే దారీ తెన్నూ తెలియక కంగారులో తిరుగుతుంది. మనుషుల మీద దాడి చేసిన జంతువు విషయం వేరు, దాన్ని పట్టాల్సిందే. అది నిర్ణయించాల్సింది అటవీశాఖ. మీరు మాత్రం అడుగులు కనిపించిన సంగతి వాళ్లకి తప్పక తెలియజేయండి. పశువు ఏదైనా పోతే పరిహారం కోసం కూడా ఆ సమాచారం ఉండాలి.

మీ జాగ్రత్తలు ఎక్కువగా బాబు చుట్టూ ఉండాలి. పొద్దు వాలినప్పటి నుంచి తెల్లారేదాకా వాడు వాకిట్లో ఒంటరిగా ఉండకూడదు. చిరుత పొంచి ఉండి పట్టే జంతువు, అది ఎత్తుని చూస్తుంది. నిటారుగా నిలబడిన పెద్ద మనిషి దానికి తిండిలా కనిపించడు. వంగి కూర్చున్న మనిషి, చిన్న పిల్లవాడు పొరపాటున అలా కనిపించవచ్చు. రాత్రి బహిర్భూమికి బయటికి వెళ్లే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే మానిపించండి. బాత్రూం ఇంటికి విడిగా ఉంటే దారంతా లైటు పెట్టించండి. ఎదురుపడితే పరుగెత్తొద్దు, వెనక్కి తిరగొద్దు. బాబును దగ్గరికి లాక్కుని, చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవండి. ఎక్కడో పొదలో చిరుత ఉందని తెలిస్తే జనం గుమిగూడి చూడటానికి వెళ్తారు. ఆ గుంపుల్లోనే ఎక్కువమంది గాయపడతారు. మీ ఇంటి నుంచి ఎవరూ వెళ్లకూడదు.

కోతుల విషయంలో బాబుకి కొన్ని సంగతులు నేర్పాలి. రాయి విసరడం, కళ్లలోకి కళ్లు పెట్టి చూడటం, పళ్లు కనిపించేలా నవ్వడం, ఇవన్నీ కోతికి కయ్యానికి పిలిచినట్టే. పిల్లని మోస్తున్న తల్లి కోతి, గుంపుకి పెద్దయిన మగకోతి ఇంకా తొందరగా మీదికి వస్తాయి. చేతిలో తినేది ఉండగా కోతి దగ్గరికి వస్తే అది కింద పడేసి, పక్కకి తిరిగి, నెమ్మదిగా తప్పుకోమనండి. పరుగెత్తితే తరుముతుంది. పెద్దవాళ్లు పొడవాటి కర్ర నేల మీద కొడుతూ శబ్దం చేయొచ్చు, మీదికి విసరొద్దు. వంటింటి కిటికీకి గట్టి ఇనుప జాలీ వేయించడమే దీనికి అసలు మందు. ప్లాస్టిక్ పాము, కొండముచ్చు బొమ్మ లాంటివి కొన్నాళ్లు పనిచేసి తర్వాత కోతులకి అలవాటైపోతాయి. దయతో తిండి పెట్టేవాళ్లు చుట్టుపక్కల ఉంటే వాళ్లతో మాట్లాడండి. చేతి నుంచి తిండి దొరుకుతుందని నేర్చుకున్న కోతి, పెట్టని చేతి నుంచి లాక్కుంటుంది.

కోతి కరిచినా, గీరినా రేబిస్ ప్రమాదం ఉన్నట్టే లెక్క. ధారగా పడుతున్న నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకునే కడగండి, చాలామంది ఒక్క నిమిషంలో ముగించేస్తారు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించి, చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయండి. గాయం నుంచి రక్తం వస్తే టీకాతో పాటు గాయంలోనే వేసే ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ కూడా కావాలని అడగండి. లక్షణాలు మొదలయ్యాక రేబిస్‌కి వైద్యం లేదు, కాబట్టి చిన్న గీతే కదా అని వదిలేయకూడదు. మీరు మళ్లీ కుక్కని తెచ్చుకుంటే దానికి ఏటా టీకా వేయించడం ఇందులో భాగమే.

అటక మీద నడిచేది పునుగు పిల్లి లాంటి జంతువు అయి ఉండొచ్చు. రాత్రంతా పండ్లు, ఎలుకలు వెతుక్కుని తెల్లారేసరికి వచ్చి పడుకుంటుంది. మీ జోలికి రాదు. అది లోపల ఉండగా సందు మూసేయొద్దు, పిల్లలు ఉంటే అవి చచ్చిపోయి ఇల్లంతా కంపు కొడుతుంది, తల్లి పిచ్చిగా పైకప్పు పీకుతుంది. కొన్ని వారాలు ఓపిక పట్టండి. పిల్లలు తిరగడం మొదలుపెట్టి అలికిడి ఆగిపోయాక, పగటిపూట టార్చితో అంతా చూసి, ఆ సాయంత్రం సందు మూయించండి.

పందులు, ఎలుగుల మాట క్లుప్తంగా. పిల్లలతో ఉన్న పంది ఎదురైతే దారి వదిలి ఏదైనా ఎత్తు మీదికి ఎక్కండి, దాన్ని మూలకి తోయకండి. మీరు ఎలుగు గురించి రాయలేదు కానీ గుట్ట ఉందన్నారు కాబట్టి చెప్తున్నాను. ఎలుగుకి చూపు, వినికిడి అంత చురుకు కాదు. తిండి మీద ధ్యాసలో ఉండి మనం దగ్గరికి వచ్చేదాకా గమనించదు, ఉలిక్కిపడి మీద పడుతుంది. గుట్ట దారిలో మౌనంగా నడవొద్దు. గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తే దానికి తప్పుకునే సమయం దొరుకుతుంది. వెంట కుక్కని వదిలేసి తీసుకెళ్లకండి. ఎలుగును రెచ్చగొట్టిన కుక్క తిరిగి పరుగెత్తుకొచ్చేది మీ దగ్గరికే.

బాబుని భయపెట్టి పెంచకండి. భయపడిన పిల్లవాడు పరుగెత్తుతాడు, లేదా మీ తిట్లకి జడిసి చూసింది దాచిపెడతాడు. వాడికి మూడే మాటలు చెప్పండి. ఏ జంతువు కనిపించినా ఆగు, వెనక్కి అడుగులు వెయ్యి, అమ్మని గట్టిగా పిలువు. కనిపించని చోట చెయ్యి పెట్టకూడదు, బంతి పొదలోకి పోతే వదిలేసి రావాలి. ఇది ఆటలా రోజూ చేయించండి. వాడు ఎప్పుడైనా పామును చూశానని వచ్చి చెప్తే అది నిజమో కాదో తేలకముందే మెచ్చుకోండి. ఏదైనా కుట్టింది, కరిచింది అంటే ఎప్పుడూ కొట్టిపారేయకండి.

మీ వారు ఇల్లు అమ్మేద్దామంటున్నారు. వారంలో ఎక్కువ రోజులు ఇంటికి దూరంగా ఉండి, రాత్రి ఫోన్‌లో పాము మాట, పులి మాట వింటే ఎవరైనా అలాగే అంటారు. ఆయనతో వాదించకండి. ఈసారి వచ్చినప్పుడు ఒక రోజంతా ఇద్దరూ కలిసి ఇంటి చుట్టూ తిరిగి పైన చెప్పిన పనులు చేయండి. కట్టెలు మార్చడం, జాలీలు, తలుపు పట్టీలు, దారి లైటు, మంచాలకి దోమతెరలు. ఆ పనులయ్యాక, వానాకాలం గడిచాక మళ్లీ మాట్లాడుకుందాం అనండి. అప్పటికీ ఆయనకి మనసొప్పకపోతే ఆ మాటకి విలువ ఇవ్వాల్సిందే, బాబు ఆయన బిడ్డ కూడా. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఈ ఏర్పాట్లతో ఆ ఇంట్లో ఉండొచ్చు. ఆ జంతువులకి కూడా అక్కడ బతికే హక్కు ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను, మీకు కూడా ఆ చోటంటే ఇష్టమని రాశారు. ఒకవేళ ఆసుపత్రి మరీ దూరమై, రాత్రివేళ వెళ్లడానికి ఏ వాహనమూ దొరకని చోటైతే మాత్రం మీ వారి పక్షానే ఉంటాను.

అందుకే ఈ వారమే ఒక పని చేయండి. మీకు దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రికి స్వయంగా వెళ్లి, పాముకాటు విరుగుడు మందు స్టాకు ఉందా, రాత్రిపూట ఇచ్చే డాక్టరు ఉంటారా, ఊపిరి ఆడకపోతే పెట్టే వెంటిలేటర్ ఉందా అని అడగండి. ఒక్కదానికి లేదన్నా, ఆ మూడూ ఉన్న ఆసుపత్రి ఎక్కడుందో, అక్కడికి ఎంతసేపు పడుతుందో కనుక్కోండి. అర్ధరాత్రి పిలిస్తే బండి తీసుకొచ్చే మనిషి ఎవరో పక్కవాళ్లలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. అవి తెలిశాక మళ్లీ రాయండి, మీ ఇంటి విషయం అప్పుడు ఇంకా ఖచ్చితంగా చెప్పగలను.